చమురు తెట్టు – తీరప్రాంత మత్స్యకృషి

(ఉద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చేయబడిన ప్రసంగము యొక్క పాఠము)



కడలిలో స్వేచ్ఛగా తిరుగు చేపకు ఆపదనుండి తప్పించుకొనుటకు ఒక ఉపాయము కలదు. అది పారిపోవుట. నీటి వాసన మారినచో, రుచి మారినచో, అది తోక త్రిప్పి మరొక దిక్కునకు పోవును. కాని మనుష్యుడు పంజరములో పెంచు చేపకు ఈ ఉపాయము లేదు. నాలుగువైపుల గట్లు కట్టిన చెరువులోని రొయ్యకు లేదు. త్రాటిని కరచుకొని పెరుగు ఆలుచిప్పకు అసలే లేదు. ఆ నీటిలో ఏది వచ్చి కలసినను అవి దానిలోనే ఊపిరి పీల్చవలెను. దానిలోనే బ్రతుకవలెను, లేదా చావవలెను. ప్రాణులనుండి పారిపోవు స్వేచ్ఛను తీసివేసిన మనుష్యుడు, వాటి తరఫున ముందుగా మేలుకొని యుండవలసిన బాధ్యతను నెత్తిన వేసికొన్నవాడగుచున్నాడు.

సముద్రముపై చమురు ఒలికినప్పుడు ఈ బాధ్యతకు పరీక్ష ఏర్పడును. ఆ పరీక్షలో నెగ్గుటయో ఓడుటయో చమురు తీరమును తాకిన తరువాత తేలునది కాదు. అంతకు ఎన్నో నెలల ముందే తేలిపోవును. దేశదేశముల అనుభవము చెప్పు మాట ఇదియే. దానిని సభవారి యెదుట ఉంచుటయే నేటి ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదట తీరప్రాంత మత్స్యకృషి యనగా నేమో చూతము. కృష్ణా, గోదావరి, పెన్నా నదులు సముద్రమును చేరు చోట్ల ఉప్పుటేరుల వెంబడి వేలాది ఎకరములలో రొయ్యల చెరువులు కలవు. 1980 దశకపు చివర టైగరు రొయ్యతో విస్తరించిన ఈ సాగు, 1990 దశకపు నడుమ తెల్లమచ్చ తెగులుచే దెబ్బతిని, 2009 తరువాత వనామీ రొయ్య రాకతో మరల పుంజుకొన్నది. నేడు దేశమున సాగుచేయబడు రొయ్యలలో అధికభాగము ఆంధ్రప్రదేశమునుండియే వచ్చుచున్నది. చెరువు వేరు, సముద్రము వేరు అని పైకి తోచును. కాని ఆ చెరువునకు నీరు ఎక్కడిది? పోటు సమయమున ఏటిలోనికి ఎక్కిన ఉప్పునీరే తూము ద్వారా గాని, ఇంజను ద్వారా గాని చెరువును చేరుచున్నది. ఆ చెరువులో వదలు రొయ్యపిల్ల ఎక్కడిది? తీరముననే నెలకొని, సముద్రపు నీటినే తోడి వడగట్టుకొను హేచరీలనుండి వచ్చినది. ఒక్క హేచరీ నీరు చెడినచో దానిపై ఆధారపడిన చెరువులన్నిటికిని పిల్ల అందదు. కనుక సముద్రమునకు కొన్ని మైళ్ల దూరమున, కొబ్బరితోటల మాటున ఉన్న చెరువు సైతము సముద్రముతో పేగుబంధము కలదియే.

చెరువులతో ఈ కృషి ముగియలేదు. 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనాసంస్థవారు విశాఖపట్టణము ఎదుట, బహిరంగ సముద్రములో పంజరమును దింపి పండుగప్ప చేపను పెంచి చూపిరి. ఈ దేశమున అట్టి ప్రయత్నములలో అదియే మొదటిది. ఆ పిమ్మట ఇతర తీరములకు కూడ ఈ పద్ధతి వ్యాపించినది. కేరళదేశపు ఉప్పుకయ్యలలో త్రాళ్లను వ్రేలాడదీసి ఆలుచిప్పలను పెంచు కుటుంబములు కలవు. ఈ పనిలో స్త్రీల సంఘములే ముందున్నవి.

ఇదే తీరము వెంబడి చమురు కూడ నడచుచున్నది. 1957లో విశాఖపట్టణమున చమురుశుద్ధి కర్మాగారము ఆరంభమైనది మొదలు ముడిచమురు ఓడలు అక్కడికి వచ్చుచున్నవి. కోనసీమ ఎదుట రవ్వ క్షేత్రమున 1990 దశకమునుండి సముద్రగర్భమునుండి చమురు తీయబడుచున్నది. ఇవిగాక, చమురును సరుకుగా మోయని ఓడలు సైతము తమ ఇంజనుల కొరకు వందల టన్నుల బరువైన ఇంధనతైలమును కడుపున దాచుకొని తిరుగుచుండును. బొగ్గు ఓడయైనను, ధాన్యపు ఓడయైనను, పెట్టెల ఓడయైనను, పగిలినచో ఒలుకునది చమురే. చమురు లేనిదే నేటి లోకము ఒక దినము కూడ గడవదు. ఆ సంగతిని ఎవరును కాదనలేరు. కావుననే ఒకే నీటిపై చమురును చేపయు ఎట్లు కలసి మనగలవో ఆలోచింపవలసియున్నది.

ఒలికిన చమురు ఏమగును? చమురు ఒక్క పదార్థము కాదు. తేలికవి, బరువైనవి అగు అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. బెంజీను, టాల్యూను మొదలగు తేలికపాటివి ఎక్కువ విషపూరితములు; కాని అవి కొన్ని గంటలలో, ఒకటి రెండు దినములలో గాలిలో కలసిపోవును. వాటిలో కొంత నీటిలో కరగును. ఆ తొలి గంటలలో దాపున ఉన్న చేపపిల్లలకును, గ్రుడ్లకును, రొయ్యల డింభకములకును అదియే మృత్యువు. మిగిలిన బరువైన భాగము అలల తాకిడికి నీటితో చిలుకబడి గోధుమవర్ణపు ముద్దగా మారును. అప్పుడు దాని పరిమాణము మూడు నాలుగు రెట్లు పెరుగును. ఒలికినది వంద టన్నులైనను, తీరమున ఎత్తవలసినది మూడు నాలుగు వందల టన్నుల జిగురు కావచ్చును. ఇసుకరేణువులు, ఒండ్రు అంటుకొన్న పిమ్మట కొంత అడుగునకు దిగును. మడ అడవుల బురదలోనికి చొచ్చినది గాలి సోకక ఏండ్ల తరబడి అట్లే నిలిచి, ప్రతి పోటునకును కొద్దికొద్దిగా పైకి ఊరుచుండును.

ఈ తెట్టు నడకకు ఒక లెక్క కలదు. గాలి వేగములో నూటికి సుమారు మూడు వంతులును, నీటి ప్రవాహపు వేగము పూర్తిగాను కలసి తెట్టు నడచును. గంటకు 30 కిలోమీటర్ల గాలి తీరమువైపు వీచుచున్నచో, ఆ గాలివలన తెట్టు గంటకు ఇంచుమించు ఒక కిలోమీటరు కదలును. ప్రవాహము కూడ అదే దిక్కున గంటకు ఒక కిలోమీటరు ఉన్నచో, మొత్తము రెండు కిలోమీటర్లు. అనగా తీరమునకు 20 కిలోమీటర్ల దూరమున సాయంకాలము ఏడు గంటలకు ఓడ పగిలినచో, మరునాటి తెల్లవారుజామున ఐదు గంటలకు తెట్టు ఏటిమొగను చేరవచ్చును. రైతు నిద్రలేచి పోటునీరు పెట్టుకొనుటకు తూము ఎత్తు వేళ కూడ అదియే. ఈ ఒక్క లెక్కలో నేటి విషయమంతయు ఇమిడియున్నది. ఆ పది గంటలలో వార్త రైతును చేరినదా లేదా అనునదే ప్రశ్న.

చమురు చేయు హానిని నాలుగు విధములుగా చెప్పవచ్చును. మొదటిది ఊపిరాడకుండ చేయుట. చేప మొప్పలకును రొయ్య మొప్పలకును జిగురు పట్టినచో ప్రాణవాయువు అందదు. అలుగు మధ్య రాతిపైనను బల్లలపైనను పెంచు ఆలుచిప్పలు దాని క్రింద కప్పబడి చచ్చును. రెండవది విషము. చేప, రొయ్య చావకపోయినను మేత తినుట మానును, ఎదుగుదల తగ్గును, తెగుళ్లకు లోబడును. మూడవది వాసన. కంటికి కనబడనంత స్వల్పముగా నీటిలో చమురు ఉన్నను మాంసమునకు కిరసనాయిలు కంపు పట్టును. కొవ్వు గల చేపలకు ఇది మరింత త్వరగా పట్టును. మంచినీటిలో కొన్ని వారములు ఉంచినచో చేప ఆ కంపును వదలించుకొనగలదు. కాని ఆలుచిప్ప నీటిని వడగట్టి తినునది. దానికి చమురులోని చక్రీయ హైడ్రోకార్బనులను విరుగగొట్టు శక్తి చేపకున్నంత లేదు. కనుక అది వాటిని తన దేహములో దీర్ఘకాలము మోయుచుండును. నాలుగవది భయము. చమురు పడిన తీరమునుండి వచ్చిన చేప యనగానే, అది మంచిదైనను, కొనువారు వెనుకంజ వేయుదురు. 2010 ఆగస్టు 7వ తేదీన ముంబాయి రేవు ముంగిట రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికినప్పుడు ఆ నగరపు చేపల విపణి ఇట్లే చతికిలబడెను.

ఈ మూడవ, నాలుగవ హానులే పెంపకందారునకు ప్రాణాంతకములు. చచ్చిన చేప కంటికి కనబడును, లెక్కకు వచ్చును. బ్రతికియుండి అమ్ముడుపోని చేప అప్పుగా మారును.

దీనికి నిదర్శనము షెట్లండు దీవుల కథ. స్కాట్లండునకు ఉత్తరముననున్న ఆ దీవులలో సాల్మన్ చేపల పంజరములు విరివిగా కలవు. 1993 జనవరి 5వ తేదీన బ్రేయర్ అను ట్యాంకరు ఓడ ఇంజను ఆగి, గాలివానలో కొట్టుకొనిపోయి అక్కడి రాళ్లను ఢీకొనెను. దానిలోని సుమారు 84,700 టన్నుల తేలికరకపు ముడిచమురు సముద్రము పాలయ్యెను. ఆ తుపానుగాలులు చమురును తెట్టుగా తేలనీయక నీటిలో చిలికివైచెను. తీరమున నల్లని మరకలు తక్కువే కనబడెను. చూచినవారు ప్రకృతియే శుద్ధి చేసినదని ఊరట చెందిరి. కాని పంజరములలోని చేపలు ఆ చిలుకబడిన నీటినే పీల్చినవి. పెక్కు చేపలు చావలేదు, ఈదుచునే యుండెను. అయినను మాంసమున చమురు చేరినదని పరీక్షలలో తేలుటచే, నిషిద్ధమండలములోని సాల్మన్ రాశులను చంపి పారవేయవలసివచ్చెను. అక్కడి ఆలుచిప్పలపైనను, సముద్రపుటడుగు రొయ్యలపైనను విధించిన నిషేధము ఆరు సంవత్సరములకు పైగా నిలిచెను. చేతులారా పెంచిన చేపను, ఎదురుగా ఈదుచున్న చేపను, విషమని తెలిసి చంపుకొనవలసి వచ్చుటకంటె కర్షకునకు వేరొక శిక్ష యుండునా?

షెట్లండు కథ చేపల గతిని తెలుపగా, కొరియాదేశపు కథ మనుష్యుల గతిని తెలుపుచున్నది. 2007 డిసెంబరు 7వ తేదీ ఉదయమున దక్షిణకొరియా పడమటితీరమున తేఅన్ అను ప్రాంతము ఎదుట హెబై స్పిరిట్ అను ట్యాంకరు ఓడ లంగరు వేసి నిలిచియుండెను. పడవలు లాగుకొనిపోవుచున్న ఒక క్రేను బార్జి, పోటెత్తిన సముద్రములో త్రాడు తెగి కొట్టుకొనివచ్చి ఆ ఓడను గుద్దుకొనెను. ఓడ మూడు చోట్ల చిల్లులుపడి పదివేల టన్నులకు మించిన ముడిచమురు ఒలికెను. తేఅన్ ప్రాంతము ఆలుచిప్పల సాగునకు పేరుపడినది. ఆటుపోటుల నడుమ బల్లలుకట్టి తరతరములుగా అక్కడివారు వాటిని పెంచుచుండిరి. చమురు ఆ బల్లలను కప్పివైచెను. వాటిని శుభ్రపరచి మరల వాడుట సాధ్యము కాక, ఊడబెరికి తొలగింపవలసివచ్చెను. గడ్డకట్టిన చమురుముద్దలు దక్షిణమున ఎంతో దూరమునగల దీవులవరకును పోయెను.

ఆ దేశపు ప్రజలు చూపిన సౌహార్దము చిరస్మరణీయము. పండ్రెండు లక్షలకు మించిన స్వచ్ఛందసేవకులు మంచుగాలిలో తేఅన్ తీరమునకు వచ్చి, గుడ్డపేలికలతో ఒక్కొక్క రాతిని తుడిచిరి. ఆ సంఘటనకు సంబంధించిన పత్రములను 2022లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ ప్రాంతపు ప్రపంచస్మృతి పట్టికలో చేర్చిరి. రాళ్లు శుభ్రమయ్యెను. కాని పెంపకందారుల బ్రతుకులు అంత సులభముగా శుభ్రపడలేదు. నష్టపరిహారము కొరకు లక్షకు మించిన అర్జీలు దాఖలయ్యెను. అనేకులకు తాము ఎంత పండించితిమో, ఎంతకు అమ్మితిమో చూపు పత్రములు లేకుండెను. కొందరికి సాగునకు అనుమతిపత్రమే లేకుండెను. తాతనాటినుండి ఆ బురదలోనే జీవించినవారు, కాగితము లేనందున, లెక్కలో లేనివారైరి. 2008 సంవత్సరపు తొలి దినములలో పరిహారము అందకమునుపే కొందరు నిరాశచే ప్రాణములు తీసికొనిరి. ఆ సంవత్సరమే అచటి ప్రభుత్వము బాధితుల సహాయార్థము ప్రత్యేకశాసనము చేయవలసివచ్చెను.

నిరాశయే చరిత్ర కాదు. ఇంకొక తీరపు కథ ధైర్యము కలిగించునది. స్పెయినుదేశపు వాయవ్యభాగమున గలీసియా అను సీమ కలదు. అక్కడ సముద్రము నేలలోనికి చొచ్చుకొనివచ్చిన ఇరుకుఖాతములలో కొయ్య తెప్పలు కట్టి, వాటినుండి త్రాళ్లు వ్రేలాడదీసి ఆలుచిప్పలను పెంచుదురు. 2002 నవంబరు 13వ తేదీన ప్రెస్టీజ్ అను ఓడ దెబ్బతిని, 19వ తేదీన రెండుగా విరిగి మునిగెను. దానిలోని బరువైన ఇంధనతైలము అలలు అలలుగా తీరమునకు వచ్చుచుండెను. డిసెంబరు తొలి దినములలో ఆ తెప్పలున్న ఖాతముల ముఖద్వారమునకు తెట్టు సమీపించినప్పుడు, జాలరులును ఆలుచిప్పల పెంపకందారులును సహాయము వచ్చువరకు వేచియుండలేదు. తమ పడవలలోనే ఎదురేగిరి. వలలు, గరిటెలు, ఇనుపజల్లెడలు, ఇంటిలో తయారుచేసికొన్న సాధనములు, చివరకు వట్టిచేతులు, ఇవియే వారి ఆయుధములు. తెట్టును నీటిపైననే ఎత్తి పడవలలో పోసికొనిరి. ఆ ఖాతములను చాలవరకు కాపాడుకొనిరి. వారికి తమ నీటి పోకడ తెలియును. ఏ గాలికి ఏది ఎటు కొట్టుకొనివచ్చునో తెలియును. ఒకరికొకరు సంఘముగా కట్టుబడియుండిరి. అదియే వారి బలము.

ఇక భారతదేశపు తూర్పుతీరమునకు వత్తము. 2017 జనవరి 28వ తేదీ తెల్లవారుజామున చెన్నపట్టణమునకు ఉత్తరమున, ఎన్నూరు దగ్గర కామరాజర్ రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొనెను. బరువైన ఇంధనతైలము ఒలికి, తీరము వెంబడి దక్షిణముగా సాగెను. ఆరంభమున హాని స్వల్పమని ప్రకటింపబడినది. తరువాత ఒలికినది వంద టన్నులకు మించినదని తేలెను. వేలమంది, వారిలో విద్యార్థులును జాలరులును ఉండిరి, బకెట్లతో ఆ జిగురును ఎత్తిపోసిరి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కుండపోత వర్షము కురిపించినప్పుడు, పారిశ్రామికవాడ వైపునుండి వరదనీటితో కలసి చమురు ఎన్నూరు ఏటిలోనికి దిగెను. పడవలు, వలలు నల్లబడెను. మడచెట్ల వేళ్లకు మసిపట్టెను. ఇక్కడ ఓడ లేదు, ఢీకొనుట లేదు. చమురు సముద్రమునుండియే రావలెనను నియమము లేదని, నేలవైపునుండి కూడ ఏటిమొగను పట్టగలదని ఆ డిసెంబరు నేర్పినది. వరదకాలమున రైతు సముద్రమువైపే కాక ఎగువకును చూడవలెను.

ఎన్నూరునకు ఉత్తరమున పులికాట్ సరస్సు. దానిని దాటినంతనే నెల్లూరు మండలపు రొయ్యల చెరువులు. తూర్పుతీర ప్రవాహము ఫిబ్రవరినుండి మే వరకు ఉత్తరదిశగాను, అక్టోబరునుండి డిసెంబరు వరకు దక్షిణదిశగాను సాగును. కావున వేసవిపంట చెరువులలో ఉన్న నెలలలో చెన్నపట్టణము దగ్గర ఒలికిన చమురు ఆంధ్రతీరమువైపు తిరుగు అవకాశము కలదు. శరత్కాలమున విశాఖ దగ్గర ఒలికినది గోదావరి మొగలవైపు దిగవచ్చును. రాష్ట్రముల సరిహద్దులు చమురునకు తెలియవు.

ఐనచో చేయవలసినదేమి? ఈ దేశమున ఏర్పాట్లు లేకపోలేదు. చమురు విపత్తులనెదుర్కొను జాతీయప్రణాళిక 1996లో అమలులోనికి వచ్చినది. దానికి సమన్వయకర్త భారత తీరరక్షక దళము. 700 టన్నులవరకు ఒలికినప్పుడు ఆ రేవువారు, ఆ చమురుసంస్థవారు మొదట బాధ్యత వహింపవలెను. అంతకు మించినచో ప్రాంతీయ, జాతీయ బలగములు దిగును. హైదరాబాదునగల భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రమువారు, సునామీ హెచ్చరికలతోపాటు, తెట్టు ఏ దిక్కునకు ఎంత వేగముతో పోవునో గణించి చెప్పగలరు. సముద్రము లేని హైదరాబాదు సముద్రపు నాడిని చూచి చెప్పుచున్నదనుట తెలుగువారికి సంతోషము కలిగించు సంగతియే. కాని ఆ గణన కంప్యూటరు తెరమీదనుండి తూము దగ్గర కాపలా ఉన్న మనుష్యుని చెవివరకు పోవలెను. ఆ చివరి మైలు దగ్గరనే గొలుసు తెగుచున్నది. గ్రామమునకొకరు చొప్పున, రాత్రియైనను పిలుపునందుకొను వ్యక్తి యెవరో ముందే నిశ్చయింపబడి, ఆ పేరు రేవు అధికారి దగ్గరను, మత్స్యశాఖ దగ్గరను వ్రాయబడియుండవలెను.

వార్త అందిన వెంటనే రైతు చేయవలసిన మొదటిపని తూము మూయుట, ఇంజను ఆపుట. నీరు మార్చకుండ కొన్ని దినములు నిలువవలెనన్నచో మేత తగ్గింపవలెను, ఏరియేటర్లు నడుపవలెను. ముందే ఒక చెరువును నీటినిలువ కొరకు విడిచియుంచిన వానికి ఆ దినములు సులభముగా గడచును. ప్రతి సెంటు నేలలోను రొయ్యనే వదలినవానికి గడవవు. ఏటిమొగకు అడ్డముగా బూమ్ అను తేలుకట్టను కట్టవచ్చును. కాని అది ఎక్కడ, ఎంత పొడవున, ఏ గుంజలకు కట్టవలెనో ముందే కొలిచియుంచినప్పుడే పనికివచ్చును. బలమైన ప్రవాహములో తేలుకట్ట క్రిందనుండి చమురు జారిపోవును. కనుక దానిని ఏటవాలుగా కట్టవలెను. చమురును చిన్న బొట్లుగా విరిచి నీటిలో కలిపివేయు రసాయనములు కలవు. లోతైన సముద్రమున అవి మేలు చేయవచ్చును. చెరువుల తూముల దగ్గరను, పంజరముల దగ్గరను, లోతులేని నీటిలోను వాటిని చల్లినచో, పైన తేలు విషమును చేప నోటిలో పోసినట్లగును. షెట్లండులో తుపాను చేసిన పనినే అక్కడ మనుష్యుడు చేతులారా చేసినవాడగును. పంజరములను లాగి మరొకచోటికి చేర్చుటకు వీలున్నచో, ఆ చోటు ఏదో కూడ ముందే నిర్ణయించుకొనవలెను. పంట కోతకు దగ్గరపడినచో, తెట్టు రాకముందే పట్టివేయుట మేలు.

ఇన్ని చేసినను నష్టము రావచ్చును. అప్పుడు న్యాయమేమి? 1967 మార్చిలో టోరీ కాన్యన్ అను ఓడ ఇంగ్లండుదేశపు నైరుతితీరమున రాళ్లకు కొట్టుకొని ఒక లక్ష టన్నులకు మించిన ముడిచమురును ఒలికించినప్పుడు, పరిహారము ఎవరిని అడుగవలెనో లోకమునకు తెలియలేదు. దాని ఫలితముగా 1969లో ఒక అంతర్జాతీయ ఒడంబడిక వచ్చినది. చమురు మోయు ఓడ యజమాని, తప్పు తనదైనను కాకున్నను, ఒక మితివరకు నష్టము చెల్లించవలెనని అది శాసించినది. 1971లో దానికి తోడుగా చమురును దిగుమతి చేసికొనువారి చందాలతో ఒక నిధిని ఏర్పరచు ఒడంబడిక కుదిరినది. ఈ రెండును 1992లో సవరింపబడినవి; భారతదేశము వాటిలో భాగస్వామి. చేపల పెంపకందారుని నష్టము కూడ ఈ పరిహారమునకు అర్హమే. కాని దావాకు గడువు కలదు. నష్టము జరిగిన మూడేండ్లలోపున, సంఘటన జరిగిన ఆరేండ్లు మించకుండ వ్యాజ్యము వేయవలెను. మీదుమిక్కిలి రుజువు కావలెను.

రుజువు యనగా నేమి? ఎన్ని పిల్లలను ఏ తేదీన వదలినది, ఎంత మేత వేసినది, ఏ వారమున రొయ్య ఎంత తూకమున్నది, గత పంట ఎంతకు అమ్మినది, వీటి లెక్క. చమురు రాకముందు తీసిన నీటి నమూనా, రొయ్య నమూనా. వచ్చిన తరువాత తీసిన నమూనా. నమూనాలు తీయకుండ, తగిన పరీక్ష లేకుండ సరకును పారవేసినచో, అది చమురువలననే చెడినదని నమ్మించుట కష్టము. వీటన్నిటికంటె ముందు, ఆ చెరువు తనదని, లేదా తాను కౌలుకు తీసికొన్నదని చూపు కాగితము. 2005 నాటి చట్టముచే ఏర్పడిన తీరప్రాంత జలకృషి ప్రాధికారసంస్థలో నమోదు. ఇక్కడనే పేదవాని కష్టమున్నది. తీరమున ఎందరో నోటిమాట కౌలుపై సాగు చేయుచున్నారు. మేత అప్పుగా తెచ్చుకొందురు. రసీదు వ్యాపారి దగ్గర ఉండును. రొయ్యలు గట్టుమీదనే తూచి కొనబడును, చీటి చిరిగిపోవును. చెరువు గట్టుమీద రాత్రింబవళ్లు కాపలా కాచినవాడు కాగితములో ఎక్కడను లేడు. చమురు వచ్చిననాడు తేఅన్ ఆలుచిప్పల రైతునకు పట్టిన గతియే వానికిని పట్టును.

కావున తీరపు రైతునకు రెండు రక్షణలు. ఒకటి తూము, రెండవది పద్దు. తూము చేపను కాపాడును. పద్దు చేపను పెంచినవానిని కాపాడును. రెండును ఆపద లేని దినములలో సిద్ధపరచుకొనవలసినవియే. తుప్పుపట్టి దిగని తూము, వ్రాయని పద్దు, ఆపదనాడు ఒక్కటే.

ఈ సభలోనివారిలో అధికులు ప్రభుత్వోద్యోగులు. సముద్రమునకు వందల కోసుల దూరమున, దస్త్రముల నడుమ పనిచేయువారు. చమురుతెట్టుతో తమకేమి సంబంధమని తోచవచ్చును. సంబంధము కలదు. హెచ్చరిక ఒక బల్లమీదనుండి మరొక బల్లమీదికి పోవుటకు పట్టిన గంటలు, తెట్టు నడిచిన కిలోమీటర్లే. కౌలుదారుని నమోదు అర్జీ ఒక సంవత్సరము ఆగినచో, ఆ సంవత్సరములో ఓడ పగిలినచో, వాని పరిహారము కూడ అక్కడనే ఆగినట్లు. ‘హాని స్వల్పము’ అని పరీక్షింపకుండ వ్రాసిన ఒక్క వాక్యమువలన ఎన్ని తూములు తెరచియే యుండునో వ్రాసినవానికి తెలియదు. గుడ్డపేలికలతో రాళ్లు తుడిచిన పండ్రెండులక్షల చేతులు వందనీయములు. సకాలమున ఒక కాగితమును కదలించిన ఒక్క చేయియు అంతటి సేవయే చేయును. ఆ చేతికి చమురు అంటదు, చప్పట్లు కూడ అందవు.

పారిపోలేని ప్రాణులను నమ్ముకొని, తానును ఆ గట్టు విడిచి పారిపోలేక కాపురమున్న మనుష్యుడు తీరమున ఉన్నాడు. రాత్రి ఏడు గంటలకు సముద్రములో ఏమి జరిగినదో తెల్లవారి ఐదు గంటలకు ముందే వానికి తెలియవలెను. అది దయ కాదు. వానికి రావలసిన హక్కు. ఆ హక్కు నెరవేరు ఏర్పాటు ప్రతి ఏటిమొగ దగ్గరను ఉన్నదా అని నేడే, సముద్రము ప్రశాంతముగా ఉన్నప్పుడే, అడిగి చూడవలసియున్నది.